శంకరమ్మ దిగిన వేళ

స్రవంతీ,

నువ్వు మొన్న ఫోను తీగ మీద అన్నమాట తప్పు. "మీ పదకొండో నంబరు బాయిలో కొత్త తెర పెట్టి పదిరోజులు దాటింది, ఒక్క ఫిర్యాదు కూడా రాలేదట కదా నానమ్మా, మరి మిమ్మల్ని చూసి పెట్టుకున్న మేమెందుకు తీసెయ్యాలి" అన్నావు. ఫిర్యాదు రాలేదన్నది నిజమే. ఫిర్యాదు చెయ్యాల్సిన మనిషి పైన, మూడో నీడగదిలో, కాలు వాచి నేల మీద పడి ఉంది. కింద మా తెర మాత్రం ఆమె ఇంట్లోనే ఉన్నట్టు రెండు రోజులకు పైగా చూపించింది. శుభ్రంగా, ముచ్చటగా చూపించింది. ఆ ముచ్చట నా నిర్ణయం.

మీ ఐదో నంబరు కమిటీకి నోటిమాట చాలదని, కాగితం కావాలని కూడా అన్నావు. ఇదిగో కాగితం. నా పనిపుస్తకంలో ఆ రోజుల పేజీలు ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాశాను. నన్ను నేను మెచ్చుకున్న చోట్లు కూడా తీసెయ్యలేదు. ఇప్పుడు చదువుతుంటే పళ్ళు జివ్వుమంటున్నాయి. అయినా ఉంచాను, మీ కమిటీవాళ్ళు చదవాల్సింది అవే.

కిందికి దిగిన 38వ ఏడు, 96వ రోజు

పొద్దున్నే రాయమల్లు వచ్చాడు. మా ఆయన తమ్ముడు, మేమంతా కాపురముండే ఈ పాత బొగ్గుబాయికి ఈ ఏడు కమిటీ పెద్ద. వచ్చీరాగానే నా మోకాళ్ళ నొప్పి గురించి అడిగాడు. నా మోకాళ్ళు ఇరవై ఏళ్ళుగా నొప్పే, పని చెప్పాల్సి వచ్చినప్పుడే ఆయనకు గుర్తొస్తాయి.

గేటు తెర మార్చాలట. పైకెక్కి కరెంటు పుట్టించే అద్దాలు తుడిచే ఎనభై నలుగురి వివరాలు రెండు గేట్ల దగ్గరా ఒకే తెర మీద కనిపిస్తాయి. ఒక్కొక్కరికి ఒక కార్డు, కార్డుకు ఏడు గళ్ళు: పేరు, గది, రక్తం, పని, ఇంట్లో ఎవరున్నారు, ఎక్కిన వేళ, దిగిన వేళ. ఇప్పుడు ఒక్కో గడి చుట్టూ లావుపాటి డబ్బా ఉంది. ఎనభై నాలుగును ఏడుతో గుణించు. అన్ని డబ్బాలు ఒక్క గోడ మీద చూస్తే పోశం కళ్ళు గుంజుతున్నాయట. పోశం ఉత్తరం గేటు కాపలాదారు. అరవై దాటాడు, ఒక కంట్లో పొర.

"పైన ఉన్నప్పుడు పదేళ్ళు, కిందికి దిగాక ముప్పయ్యేళ్ళు ఫారాలు గీసినవ్. నీకంటే ఎరుకున్నోళ్ళు ఎవరున్నరు వదినా" అన్నాడు రాయమల్లు. ఫారాలు గీసినదాన్ని వెతుక్కుంటూ వచ్చేవాడు ఎవడూ పొగడకుండా మొదలుపెట్టడు. ఒప్పుకున్నాను. ఒప్పుకోకపోతే రేపు మళ్ళీ మోకాళ్ళ గురించి అడుగుతాడు.

97వ రోజు

నమూనాలు మూడు. గడి చుట్టూ డబ్బా గీయడం ఒకటి. డబ్బా లేకుండా కింద సన్నటి గీత ఒక్కటే ఉంచడం రెండోది. గీతా డబ్బా రెండూ లేకుండా వెనక లేతరంగు పూయడం మూడోది. రంగు పూసింది పోశానికి చూపిస్తే, "సున్నం గొట్టిన గోడ మీద సున్నంతోటి రాసినట్టున్నది" అన్నాడు. అది పోయింది.

డబ్బానా, గీతనా? పగలంతా చూశాను. అంతా చూసి, నలభయ్యేళ్ళు ఇదేనా నేను చేసింది అనిపించి, దీపం తగ్గించి పడుకున్నాను. ఫ్యాన్ల చప్పుడు ఇవాళ ఎక్కువగా ఉంది.

99వ రోజు

నీళ్ళ వరసలో శంకరమ్మ నా మీద పడింది.

శంకరమ్మది మూడో వరస అద్దాలు. యాభై ఆరేళ్ళు. మొగుడు పోయి పదకొండేళ్ళు, పిల్లలు లేరు. తొమ్మిదో సందులో ఒక్కతే ఉంటుంది. మాకిద్దరికీ నీళ్ళ వరసలో ముందూ వెనకా చోటు, కాబట్టి ఇరవై ఏళ్ళుగా రోజూ మాట్లాడుకుంటాం, అందులో సగం పోట్లాటే.

గేటు దగ్గర జనానికి ఒక అలవాటుంది. తలుపు తెరిచేదాకా నిలబడి ఒకరి కార్డు ఒకరు చదువుకుంటారు. పైకెక్కేముందు తోడెవరో చూసుకోవడం ఒకప్పుడు క్షేమం కోసం మొదలైంది, ఇప్పుడు కాలక్షేపం. శంకరమ్మ కార్డులో 'ఇంట్లో ఎవరున్నారు' అన్నచోట పదకొండేళ్ళుగా ఖాళీ డబ్బా. ఇవాళ ఎవడో, ఆ గడి నింపడానికి తనకు తెలిసిన ముసలాయన ఒకడున్నాడని, ఆయన బొగ్గుపెళ్ళలా నల్లగా ఉన్నా గట్టివాడేనని వరసంతా నవ్వేట్టు అన్నాడట. ఆ కోపం తెచ్చి నా మీద దించింది.

ఫారం గీసేదాన్ని నేను కాబట్టి ఆ ఖాళీ నేనే పెట్టానని ఆమె లెక్క. తన బతుకును డబ్బా కట్టి గోడ మీద ఊరేగిస్తున్నానంది. అందరి ముందూ అంది. నాకూ ఒళ్ళు మండింది.

"ఖాళీగా ఉన్నదాన్ని ఖాళీగా చూపించడమే ఫారం పని. అంత బాధగా ఉంటే పిల్లిని పెంచుకో, దాని పేరు ఎక్కిస్తాను" అన్నాను.

వరసలో నలుగురు నవ్వారు. శంకరమ్మ నవ్వలేదు. బిందె ఎత్తుకుని నీళ్ళు పట్టుకోకుండానే వెళ్ళిపోయింది.

డెబ్భై నాలుగేళ్ళొచ్చాయి, నాలుకకు మాత్రం ఇంకా పద్దెనిమిదే.

101వ రోజు

తేల్చేశాను. గీత పద్ధతి. దానితో పాటు ఇంకొక అమరిక ఉంది: ఖాళీగా ఉన్న గడిని చూపించాలా, మడిచెయ్యాలా? మడిస్తే గడీ ఉండదు, దాని పేరూ ఉండదు, కింది గడి పైకి జరుగుతుంది. అసలు ఆ గడి ఉన్నదని కూడా ఎవరికీ తెలియదు. మడిచెయ్యమన్నాను.

కమిటీకి కారణం 'చూపుకు తేలిక' అని రాశాను. అసలు కారణం ఇక్కడ రాస్తున్నాను: రేపట్నుంచి గేటు దగ్గర ఎవడూ శంకరమ్మ ఒంటరితనాన్ని చదివి పళ్ళికిలించడు. నలభయ్యేళ్ళలో నేను గీసిన వాటిలో మర్యాద తెలిసిన ఫారం ఇదొక్కటే.

ఆమెకు చెప్పను. తనే చూసుకుని, తనే వచ్చి చెప్పాలి.

103వ రోజు

రెండు గేట్ల దగ్గరా తెర పెట్టారు. అందరికీ నచ్చింది. రాయమల్లు తన ఆలోచనే అన్నట్టు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పోశం అయితే కళ్ళకు తడిగుడ్డ వేసినంత చల్లగా ఉందన్నాడు. తర్వాత ఒక మాట అడిగాడు. ఇన్నాళ్ళూ ఎనిమిదింటికి గేటు మూసేముందు ఖాళీ డబ్బా ఎక్కడైనా ఉందా అని వెతికేవాడట, ఇప్పుడు డబ్బాలే లేవు కదా, మరి ఏం చూసి గేటు వెయ్యాలి?

"తెర మీద ఖాళీ కనబడకపోతే అందరూ దిగినట్టే పోశం. నిశ్చింతగా వేసుకో" అన్నాను.

తలూపాడు. నా మాట మీద అతనికి నమ్మకం. చదువుకున్నదాన్ని కదా.

107వ రోజు

శంకరమ్మ వరసలో నాకు ముందే నిలబడింది, వీపు చూపిస్తూ. ఆ వీపుకు కూడా ముఖం ఉంటుందని ఇవాళే తెలిసింది. కార్డు చూసుకుందో లేదో. చూసుకునే ఉంటుంది. థాంక్స్ చెబితే నోటి ముత్యాలు రాలిపోతాయి కాబోలు.

బట్టలుతుక్కున్నాను. గాలిగొట్టం జాలీ విప్పి దుమ్ము దులిపాను. ఇంతకంటే రాయదగింది లేదు.

112వ రోజు

ఇవాళ శంకరమ్మ వంతు. అద్దాలవాళ్ళు మూడు రోజులకొకసారి ఎక్కుతారు, తెల్లవారుజామున నాలుగింటికి. ఎనిమిదింటికల్లా దిగాలి. ఆ తర్వాత పైన ఎండ మనుషులు ఓర్చేది కాదు, గేటు మూసేస్తారు, మళ్ళీ మర్నాడు నాలుగింటికే తెరవడం.

నీళ్ళ వరసలో ఆమె లేదు. అలసి పడుకుందనుకున్నాను. ఎందుకైనా మంచిదని పోతూపోతూ తెర చూశాను. పేరు, గది, రక్తం, పని, ఎక్కిన వేళ నాలుగు గంటల పది నిమిషాలు. కింద గీత తిన్నగా, నీటుగా ఉంది. నా పనికి నేనే కాసేపు మురిసి ఇంటికొచ్చాను.

113వ రోజు

ఇవాళా నీళ్ళకు రాలేదు. తీసుకోని నీళ్ళు మర్నాటి వంతులో కలుస్తాయి కాబట్టి నీళ్ళబ్బాయి పట్టించుకోలేదు. నా మీద అలిగి నీళ్ళ మీద కూడా అలిగిందన్నమాట, నాకు ఎదురుపడకుండా ఉండటానికి.

సాయంత్రం తొమ్మిదో సందు మీదుగా వచ్చాను. ఆమె తలుపు ముందు ఆగాను కూడా. తట్టలేదు. మేలు చేసింది నేను, తట్టాల్సింది తను.

ఈ వాక్యం రాసి రెండుసార్లు చదివి బాగానే ఉందనుకున్నాను.

114వ రోజు

వరసగా రాస్తాను.

పొద్దున పదింటికి పోశం మనిషిని పంపాడు. కొత్త తెర బాగుంది కానీ కార్డులు కొన్ని పొడుగు, కొన్ని పొట్టి అయి వంకరపళ్ళలా కనిపిస్తున్నాయని, సరి చెయ్యమని. ఇంత చిన్నపనికి అంతదూరం నడవాలా అని గొణుక్కుంటూ వెళ్ళాను. కర్ర స్కేలు తీసుకెళ్ళాను.

ఎనభై ఒక్క కార్డులకు ఏడేసి వరసలు. రెండింటికి ఆరు, వాళ్ళు ఒంటరివాళ్ళు, 'ఇంట్లో ఎవరున్నారు' మడత పడింది. శంకరమ్మదీ ఆరు ఉండాలి. ఐదున్నాయి.

స్కేలు తప్పుగా పెట్టాననుకుని మళ్ళీ కొలిచాను. ఐదే. ఒక వరస ఎందుకు పోయిందో నాకు తెలుసు, పోగొట్టింది నేనే. రెండోది? పైనుంచి వేలు పెట్టి చదువుకుంటూ వచ్చాను. ఎక్కిన వేళ దగ్గరకొచ్చేసరికి కార్డు అయిపోయింది.

నా పక్కన నిలబడ్డ పోశం కూడా చూశాడు.

"దిగిన వేళ లేదక్కా" అన్నాడు.

నేను మర్యాద కోసం మడిచింది ఒక్క గడినే అనుకున్నాను. తెరకు మర్యాద తెలియదు. దానికి తెలిసింది ఖాళీ ఒక్కటే. ఏ ఖాళీ అయినా మడిచేస్తుంది. ఎక్కినవాళ్ళు దిగేదాకా వాళ్ళ దిగిన వేళ ఖాళీయే కదా, ఆ మాట నలభయ్యేళ్ళ అనుభవానికి తట్టలేదు. దిగనివాళ్ళ గడి మిగతావాళ్ళ కంటే ముందే కనబడాలి. నేను దాన్నే దాచిపెట్టాను.

తొమ్మిదో సందుకు ఎంత వేగంగా వెళ్ళానో నా మోకాళ్ళకే తెలుసు. తలుపు చేరవేసే ఉంది, తోశాను. లోపల పక్క చుట్టి ఉంది, బిందె అడుగున తడి కూడా లేదు. పొయ్యి దగ్గర నానబెట్టిన పెసలు మొలకలొచ్చి, వాడి, పుల్లటి వాసన వేస్తున్నాయి. తోటివాళ్ళను అడిగాం. ఉత్తరం వాళ్ళు దక్షిణం గేటులో దిగిందనుకున్నారు, దక్షిణం వాళ్ళు ఉత్తరంలో అనుకున్నారు. ఎవరి వరస అద్దాలు వాళ్ళవి, మూడో వరస అన్నింటికంటే దూరం, మూడు రోజులకొకసారి కానీ ఆ పక్కకు ఎవరూ పోరు.

ఆ వరస చివర మూడో నీడగది ఉంది. ఎండకు చిక్కినవాళ్ళు తలదాచుకునే గది. అందులో ఒక మనిషికి రెండు రోజుల నీళ్ళుంటాయి. అక్కడి ఫోను తీగ తెగి నాలుగేళ్ళు. ఆమె ఎక్కి అప్పటికి రెండు రోజుల ఏడు గంటలు.

రాయమల్లు కమిటీ గదిలో ఉన్నాడు. గేటు తెరవమన్నాను. టైము పదకొండున్నర. పట్టపగలు గేటు తెరిస్తే వేడిగాలి సందుల్లోకి దిగుతుంది. నాలుగేళ్ళ క్రితం ఒకసారి పావుగంట తెరిచినందుకు పసిపిల్లల గదిలో ఇద్దరికి ఫిట్స్ వచ్చాయి. అది నాకూ గుర్తుంది. అందుకే అతని మీద కోపం రాలేదు, భయం వేసింది.

"పొద్దుగాల నాలుగింటికి తెరుస్తం గద వదినా. తెర సూడబోతే మనిషి ఇంట్లున్నట్టే ఉన్నది. ఏం ఆధారం మీద తెరవాలె?"

"తెర ఏమీ చెప్పట్లేదు రాయమల్లూ. చెప్పకుండా దాని నోరు మూసింది నేను. రాసిస్తాను, సంతకం పెడతాను. రేపు నాలుగింటికి నువ్వు తెచ్చేది శంకరమ్మను కాదు."

కాగితం అడగలేదు. పసిపిల్లలను కింది సందుకు దించమని, రెండు తలుపుల మధ్య తడి గోనెలు కట్టమని, లోపలి తలుపు మూశాకే బయటిది తెరవాలని చెప్పాడు. వెళ్ళేదెవరన్న ప్రశ్న రాకముందే పోశం అల్లుడు ఓదెలు తడిబొంత కప్పుకుంటున్నాడు. చక్రాలబండి మీద రెండు డబ్బాల నీళ్ళు, ఇంకో రెండు బొంతలు. మూడో వరసకు పోనూ రానూ రెండు గంటలు. బొంత ఆరేలోగా రావాలి.

తలుపు దగ్గర కూర్చున్నాం, నేనూ పోశమూ. ఇనుప తలుపు ఇవతలికి కూడా వేడి తగులుతోంది. పోశం, తప్పు తనదేనంటూ మొదలుపెట్టాడు. కార్డులు పొట్టిగా ఉన్నాయని చూశాడు కానీ ఎందుకని అడగలేదట. గేటు మూసినవాడిదే పాపమట. వద్దన్నాను. అతనికి నిశ్చింతగా వేసుకొమ్మని చెప్పిన నోరు నాది.

"మా నాయిన ఈడ బొగ్గు తవ్విన కాలంల తెర లేదక్కా. గోడకు మేకులుండె, ఒక్కొక్కలకు ఒక బిళ్ళ. బిళ్ళ తీస్కొని పోవాలె, ఒచ్చి తగిలెయ్యాలె. బిళ్ళలను ఎవలు సూడకపోయేది. ఉత్త మేకులనే సూసేది" అన్నాడు.

నేను చదివిన పుస్తకాలన్నిటిలో ఈ ఒక్కమాట లేదు.

ఒంటిగంటా యాభైకి బయటి తలుపు మీద రాయితో కొట్టిన చప్పుడు. లోపల గోనెల ఆవిరి, ముందు ఏమీ కనబడలేదు. బండి వచ్చింది. బండి మీద బొంత, బొంతలో శంకరమ్మ. పెదాలు పగిలి నల్లబడ్డాయి, కుడి చీలమండ బూరెలా ఉబ్బింది, కళ్ళు మూసుకుపోయాయి. రొమ్ము ఎగసిపడుతోంది. అంతవరకూ చూసి నేను గోడకానుకుని కింద కూర్చుండిపోయాను. ఎవరో నన్ను కూడా బండెక్కించబోయారు, తిట్టాను.

సాయంత్రం ఐదో నంబరులో ఉన్న స్రవంతికి తీగ మీద చెప్పాను, మమ్మల్ని చూసి వాళ్ళు పెట్టుకున్న మడత అమరిక ఇప్పుడే తీసెయ్యమని. మూడు నిమిషాల్లో లైను కట్ చేశారు.

115వ రోజు

వైద్యం గది. గుడ్డతో చుక్క చుక్క నీళ్ళు తాగిస్తున్నారు. బతుకుతుందని చెప్పారు. చీలమండ విరగలేదు, మెలిపడింది. అద్దాల మధ్య రాయి మీద కాలు జారి పడిందట. గేటుదాకా రాలేనని తెలిసి నీడగదికి పాకిందట. ఎనిమిదింటికి గేటు మూయరని, తను దిగలేదని తెరే చెబుతుందని ఎదురుచూసిందట. మొదటిరోజే నీళ్ళు సగం తాగేసిందట, ఎలాగూ వస్తారు కదా అని. రెండోరోజు మిగిలిన సగంలో సగం.

నేను మంచం పక్కన స్టూలు వేసుకున్నాను. నేనొచ్చానని ఆమెకెలా తెలిసిందో, కళ్ళకు గుడ్డ కట్టి ఉంది.

"నిన్న పొద్దుగాలదాకా నిన్నే తిట్టుకున్న" అంది. గొంతు ఇసుక రాసుకున్నట్టుంది. "నోరెండిపోయినంక ఆపిన."

"మిగిలినవి ఇప్పుడు తిట్టు. నీళ్ళున్నాయి" అన్నాను.

తిట్టలేదు. అదే కష్టంగా అనిపించింది.

చెప్పేశాను. గడి ఎందుకు మడిచానో, ఎవరి కోసం మడిచానో, ఆమె వచ్చి మెచ్చుకోవాలని ఎన్నిరోజులు చూశానో, తలుపు ముందు నిలబడి తట్టకుండా ఎందుకు వచ్చేశానో. డెబ్భై నాలుగేళ్ళ మనిషి చెప్పుకోదగ్గ మాటలు కావు. ఆమె మొత్తం విన్నది.

"నేను డబ్బా తియ్యిమన్ననా? నవ్వుతున్నరన్న. నవ్వెటోళ్ళను ఒక్కమాట అనకపోతివి. డబ్బాను మాయం జేసినవ్."

నిజమే. వరసలో నలుగురు నవ్వినప్పుడు నేను నవ్వించినదాన్ని.

ఆ గడిలో నా పేరు రాయిస్తానన్నాను. ఇంట్లో ఎవరున్నారు అంటే, రెండు సందుల అవతలైనా, ఎవరో ఒకరు ఉన్నట్టు ఉంటుంది.

"నీ పేరా? నువ్వలిగినప్పుడు నేను సావాలె" అంది శంకరమ్మ. "వద్దు. ఖాళీగనే ఉండనీ. కానీ కనబడాలె. నేను లేనప్పుడు లేనని కనబడాలె."

మధ్యాహ్నం కమిటీకి వెళ్ళి, మళ్ళీ డబ్బాలు పెట్టించాను. ఖాళీ గడి ఏదీ మడవకూడదు. దిగిన వేళ గడికి డబ్బా అన్నింటికంటే లావు, ఖాళీగా ఉన్నంతసేపూ అందులో 'ఇంకా దిగలేదు' అని అక్షరాల్లో ఉండాలి. పోశం కళ్ళు గుంజుతాయి. ఒక తెర చాలకపోతే రెండు తెరలు పెట్టండి, ఒక్కోదానిలో సగం మంది, అన్నాను. ఈ మాట 96వ రోజే తట్టి ఉండొచ్చు. తట్టలేదు.

అన్నింటికీ ఒప్పుకున్నారు. నన్నెవరైనా నాలుగు మాటలని ఉంటే తేలికపడేదాన్ని.

పేజీలు ఇంతవరకే. స్రవంతీ, మీ బాయిలో పైకెక్కేవాళ్ళు నూట ముప్ఫై మంది అన్నావు. వాళ్ళలో ఒంటరివాళ్ళెవరో నీకు పేరు పేరునా తెలుసా? తెలియకపోతే ఈ కాగితం మీ కమిటీ ముందు పెట్టడానికి రేపటిదాకా ఆగకు. తెలిసినా ఆగకు. మీ నానమ్మ పద్ధతి కదా అని మొహమాటపడి ఉంచుకున్నట్టయితే, ఆ మొహమాటం ఇవాళతో చాలించు.

ఇక ఒక చిన్నపని. పడినప్పుడు శంకరమ్మ నల్లకళ్ళద్దాలు పగిలాయి. మా దగ్గర అద్దం సానపట్టేవాళ్ళు లేరు, మీ ఐదో నంబరులో రెండో సందు మలుపు దగ్గర భూలక్ష్మి అని ఒకామె ఉంది, ఆమె దగ్గరికి వెళ్ళు. కణత నుంచి కణతకు నేను దారంతో కొలిచాను, ఈ ఉత్తరం మడతలోనే ఉంది, ముడి వేసిన చోటు ముక్కు. చెవుల వెనక తీగ మెత్తగా ఉండాలి, ముక్కు దగ్గర నూలుగుడ్డ చుట్టమను, లేకపోతే చెమటకు ఒరుసుకుంటుంది. చట్రం రంగు అడుగుతుంది. నలుపు త్వరగా దొరుకుతుంది, కానీ శంకరమ్మ ఎరుపు కావాలంది, ఎరుపే చేయించు, రెండు రోజులు ఆలస్యమైనా ఫరవాలేదు. బుధవారం సొరంగం ట్రాలీ పదింటికి బయల్దేరుతుంది. గుడ్డలో చుట్టి రేకుడబ్బాలో పెట్టి, డ్రైవరు చేతికే ఇవ్వు, సీటు మీద పెట్టి రాకు.